సూదమ్మ అరచేతిలో బిళ్ల

శామీర్‌పేట,
జూన్ 5, 2025.

పెద్దబాపుకు సరళ నమస్కారాలు.

ఉత్తరం చూసి ఏం మునిగిందోనని కంగారు పడకు. నిన్న నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నువ్వే ఎత్తావు, మూడుసార్లూ "గీడ సిలిండర్ల దుకాణం లేదు" అని పెట్టేశావు. చివరికి నీ కోడలు రోజారాణి వదిన ఎత్తింది. "మామకు చెవులు పూర్తిగ పోయినయి సరళా. మిషను పెట్టుకోమంటే ఈగ దూరినట్టుంటదని తీసి సందుగల పడేసిండు. రాస్తే మాత్రం అక్షరం వదలకుంట సదువుతడు" అని చెప్పింది. అందుకే ఇరవై కిలోమీటర్ల దూరానికి తపాలా.

నాకు నువ్వు ఒక విద్య నేర్పాలి. అరచేతిలో రూపాయి బిళ్ల దాచి, లేదనిపించి, ఎదుటివాళ్ల చెవిలోంచి తీస్తావు చూడు, అది. మా నాయిన స్టీరింగు పట్టుకుంటే నువ్వు టికెట్లు కొడుతూ, ఏడ్చే పిల్లల్ని ఆ బిళ్లతో ఊరుకోబెట్టేవాడివి. ఆ బస్సు ముందు సీట్లో కూర్చుని బడికి పోయినదాన్నే నేను. నలభై ఒకటో ఏట ఇదేం పిచ్చి అని నవ్వకు.

మా ఆరోగ్య కేంద్రానికి నవనీత అని ఎనిమిదేళ్ల పిల్ల వస్తుంది. చెరువులో వల వేసే పరమేశ్ కూతురు. తల్లి కూలికి పోతుంది కాబట్టి పిల్లను చూసుకునేది నాయనమ్మ మైసమ్మ. పోయిన ఏడాది పిల్లకు గొంతునొప్పి వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. అది కీళ్లకు దిగి, కీళ్ల నుంచి గుండెకు పాకింది. గుండె కవాటం కొంచెం దెబ్బతిందని చెప్పి, ఇంకా చెడకుండా పట్నం డాక్టరు ఇరవై ఒక్క రోజులకొక ఇంజెక్షను రాశాడు. పిల్ల పెద్దదయ్యేదాకా వేయాలి. మానితే మళ్లీ జ్వరం, మళ్లీ గుండె మీద దెబ్బ. ఆ మందు చిక్కటిది, తుంటిలోకి నెమ్మదిగా ఎక్కాలి. మీసాలున్న మగవాళ్లే పళ్లు బిగిస్తారు. ఏప్రిల్‌లో నలుగురం కాళ్లూ చేతులూ పట్టుకుని ఇచ్చాం. ఆ తర్వాత రెండు గడువులు దాటిపోయాయి. నేను వాడ మొదట్లో కనిపిస్తే చాలు, "సూదమ్మ వచ్చింది" అని పిల్ల బోర్లించిన పడవ కింద దూరుతుంది. మైసమ్మ కూడా "నా మనుమరాలిని మేకను వట్టినట్టు వట్టిండ్రు. నేను తోల్కరాను పో" అంటోంది.

ఇరవై ఏళ్ల నౌకరీలో సూది పట్టని రోజు లేదు నాకు. ఈ పిల్లను వదలను. నన్ను చూసి పారిపోకుండా ఆమె ఒక్క ఐదు నిమిషాలు నిలబడితే చాలు. ఆ ఐదు నిమిషాలు నీ చేతిలో ఉన్నాయి. నేర్పు.

సరళ


రావల్కోల్,
జూన్ 10.

చిరంజీవి సరళను దీవించి పెద్దబాపు వీరభద్రం రాయునది.

సిలిండర్ల సంగతి రోజారాణి కల్పించిందని రాద్దామనుకున్నాను. కానీ ఆ అమ్మాయి అబద్ధం ఆడదని ఊరంతటికీ తెలుసు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

ముందు బిళ్ల సంగతి. ఇప్పటి రూపాయిని బిళ్ల అనడానికి నాకు నోరు రాదు, అది చొక్కా గుండీ. మా కాలంలో రూపాయి అరచేయి నిండా ఉండేది, అంచుకు గీతలుండి చర్మాన్ని పట్టుకునేది. ఇప్పుడు బిళ్లలే కరువు. మేడ్చల్ బస్టాండులో మక్కబుట్టలు కాల్చే ముసలమ్మ కూడా గీతల అట్ట ఒకటి చూపించి "ఫోన్ల కొట్టు కొడుకా" అంటుంది. నువ్వు పది రూపాయల బిళ్ల తీసుకో. ఈ చుట్టుపక్కల ఏ దుకాణంవాడూ దాన్ని ముట్టుకోడు, "నడ్వది" అంటాడు. కాబట్టి నీ దగ్గర్నుంచి ఎక్కడికీ పోదు.

నాకు ఎవరూ నేర్పలేదు. ఏడో తరగతితో బడి మానినవాడికి గురువులు దొరకరు. ఎనభై మూడులోనో నాలుగులోనో సికింద్రాబాద్‌లో కోటు వేసుకున్న ఒకాయన మా బస్సెక్కాడు. మండుటెండలో కోటేమిటా అని చూస్తున్నాను. టికెట్టుకు రూపాయి నా చేతిలో పెట్టాడు. గుప్పిట మూశాను. విప్పితే లేదు. బస్సంతా నవ్వింది. కొంపల్లి దాకా ఆయన చేతినే చూస్తూ ముగ్గురికి టికెట్టు కొట్టడం మరిచిపోయాను. దిగేటప్పుడు ఆ రూపాయిని నా చెవిలోంచి తీసి ఇచ్చి పోయాడు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు డిపో విశ్రాంతి గదిలో పగిలిన అద్దం ముందు నేనూ, ఒక రూపాయీ. మీ నాయిన రామయ్య మంచం మీద పడుకుని, "వీరన్నా, నీ రూపాయికి మస్తు సిగ్గున్నది, ఊకె కిందికే సూస్తాంది" అనేవాడు.

ఇప్పుడు పాఠం. కుడి చేయి వెల్లకిలా పెట్టు. మధ్యవేలూ ఉంగరం వేలూ అరచేతిని కలిసే చోట బిళ్ల ఉంచు. సంచి చెవులు పట్టుకున్నంత మాత్రమే ఆ రెండు వేళ్లూ వంచు. బొటనవేలితో తొక్కకు. చేయి బోర్లించు. పడుతుంది. తీసి మళ్లీ పెట్టు. రోజుకు రెండు వందల సార్లు. పడడం ఆగాక, బిళ్ల చేతిలో ఉండగానే రిజిస్టరు రాయి, కూరగాయలు తరుగు, గొళ్లెం తియ్యి. కండక్టరు ఎడమ చేతిలో చిల్లర ఉంచుకునే టికెట్టు చింపుతాడు, తాడు లాగుతాడు, కిటికీలోంచి ఉమ్మేవాణ్ని తిడతాడు. బిళ్ల ఉన్నదని నీ చేయి మరిచిపోయినరోజు చూసేవాడూ మరిచిపోతాడు.

బిగిస్తే మాత్రం దొరికిపోతావు. వేళ్లు వదులు కావాలంటే మణికట్టు వదులు కావాలి, మణికట్టుకు భుజం, భుజానికి దవడ. పళ్లు బిగించి బిళ్ల దాచినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఆ తర్వాత మాయం చెయ్యడం. కుడి చేతి బిళ్లను ఎడమ చేతిలో పెట్టినట్టే పెట్టి, ఎడమ గుప్పిట మూసి, దాన్నే చూడు. కుడి చేయి పక్కింటివాళ్లది అనుకో. లోకమంతా నువ్వు చూసిన వైపే చూస్తుంది.

నేనే వచ్చి చూపించేవాణ్ని. మోకాళ్లు సహకరించడం లేదు.

వీరభద్రం


శామీర్‌పేట,
జూలై 3.

పెద్దబాపూ,

రోజుకు రెండు వందలంటే రెండు వందలే చేశాను. మొదటి వారం బిళ్ల నా చేతిలో కంటే నేల మీదే ఎక్కువ ఉంది. మాకు గంటకోసారి చేతులు కడుక్కోవడం, స్పిరిటు రాసుకోవడం. చర్మం ఎండి బిళ్ల జారుతుంది. కొబ్బరినూనె రాస్తే ఇంకా జారింది. చివరికి తడిగుడ్డకు వేళ్లు అద్దుకుని మొదలుపెడుతున్నాను.

టీకాల మీటింగులో బిళ్ల చేతిలో ఉంచుకునే కాగితం చదివాను. పేజీ తిప్పేటప్పుడు జారింది. టైల్స్ మీద దొర్లుకుంటూ వెళ్లి, మా డాక్టరు సుప్రజ మేడం చెప్పుకు తగిలి ఆగింది. మేడంది కాకినాడ వైపు, మాట మెత్తన. వంగి తీసి, "సరళగారూ, ఇది మీదేనాండీ? ఇక్కడ దీన్ని ఎవరూ తీసుకోరు కదా" అని మళ్లీ నా చేతిలో పెట్టారు. అంతే, ఇంకేం అడగలేదు. మరుసటి రోజు మాత్రం తలుపు దగ్గరికి వేసి, "ఏదీ, చెయ్యండి చూద్దాం" అన్నారు. చేశాను. శ్రద్ధగా చూసి, "మీ బొటనవేలు ముల్లు గుచ్చుకున్నట్టు నిలబడిపోయిందండీ" అన్నారు. ఆ వేలిని దారిలో పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

మొన్న ఒకటో తారీఖున మైసమ్మ బీపీ గోళీలకని వచ్చింది, వెంట నవనీత. పిల్ల గడప దాటలేదు. నేనే గడప దగ్గర చతికిలబడి బిళ్ల మాయం చేసి ఆమె చెవిలోంచి తీశాను. "ఇంకోపారి" అంది. ఇంకోసారి చేశాను. లోపలికి వచ్చింది.

ఇంజెక్షను అయింది.

మోకాళ్లకు కాపడం పెట్టుకో.

సరళ


రావల్కోల్,
జూలై 9.

చిరంజీవి సరళకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషించాను. రెండోసారి కళ్లద్దాలు తుడుచుకుని చదివాను.

టికెట్టు తీసుకోనివాణ్ని కండక్టరు ఎలా కనిపెడతాడో తెలుసా? వాడు కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. ఎంతో ఇష్టంగా చూస్తాడు. దూలపల్లి దగ్గర ఏముంది, రేకుల షెడ్లు, పొగగొట్టాలు. వాటిని కూడా కొత్త పెళ్లికూతురిని చూసినట్టు చూస్తాడు. నీ ఉత్తరంలో మేడం చెప్పు ఉంది, నీ బొటనవేలు ఉంది, తడిగుడ్డ ఉంది. ఇంజెక్షను గురించి రెండే మాటలు. నువ్వు కిటికీలోంచి చూస్తున్నావు సరళా.

మీ నాయిన నుంచి వచ్చిన గుణమిది. తూంకుంట దగ్గర మీ నాయిన బస్సు బర్రెకు తగిలిన రోజు డిపో మేనేజరుకు రాసిచ్చిన కాగితం నాకింకా గుర్తు. వాన గురించి ఒక పేజీ, రోడ్డు గుంటల గురించి ఒక పేజీ, చిట్టచివర "బర్రె అడ్డము వచ్చినది" అని ఒక ముక్క. మేనేజరు అది చదివి, "రామయ్యా, గీ కాగితంల బర్రె నీ కంటె సక్కగున్నది, ఒక్క ముక్కల వచ్చి పోయింది. నువ్వు జెప్పు ఏమైందో" అన్నాడు.

నువ్వూ చెప్పు, ఏమైందో.

వీరభద్రం


శామీర్‌పేట,
జూలై 17.

పెద్దబాపూ,

అవును, కిటికీలోంచే చూశాను.

పిల్లను బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాను. "మళ్ల జూస్తవా" అని బిళ్ల చూపించాను. మందు నింపిన సూదిని ముందే తువ్వాలు కింద ఉంచుకున్నాను. బిళ్ల ఎటు పోయిందా అని పిల్ల నవ్వుతూ వెతుకుతోంది. అప్పుడు గుచ్చేశాను. కేక వేస్తుందనుకున్నాను. వేయలేదు. కొయ్యలా బిగుసుకుపోయి, మందు ఎక్కినంతసేపూ మెడ తిప్పి నా మొహమే చూసింది. అయ్యాక బిళ్లను బహుమతిగా ఇస్తే తీసుకోలేదు. నేను గెలిచాననుకున్నాను చూడు, ఆ సాయంత్రం నవ్వుకుంటూ ఇంటికి పోయాను కూడా.

మొన్న వాళ్ల వాడకు పోతే పిల్లలంతా దూరంగా నిలబడ్డారు. ఇంతకుముందు నా సంచిని చూసి భయపడేవాళ్లు. ఇప్పుడు నా వట్టి చేతుల్ని చూసి భయపడుతున్నారు. నవనీత వాళ్లకు చెప్పిందట, "సూదమ్మ చేతుల ఏం లేనట్టే ఉంటది, కని ఉంటది" అని. మైసమ్మ చేపలు తోముతూ తలెత్తకుండా అంది: "నలుగురు వట్టుకున్న నాడన్న ఎదురుంగ గుచ్చిండ్రు. గారడి జేసి గుచ్చుడేంది బిడ్డా? ఇగ నిన్ను నమ్ముమని దానికి నేనెట్ల జెప్పాలె?"

వచ్చిన దారినే తిరిగొచ్చాను.

ఇరవై రెండున మళ్లీ గడువు. పిల్ల రాదు. పరమేశ్ తోలుకొస్తానన్నా నేను వద్దన్నాను. మళ్లీ నలుగురం పట్టుకుంటే ఆ పిల్ల ఇక జీవితంలో ఏ ఆసుపత్రి గడపా తొక్కదు. బిళ్లను బీరువాలో పడేశాను. ఇంకో దారి ఉంటే రాయి. లేకుంటే తిట్టు.

సరళ


రావల్కోల్,
జూలై 22.

చిరంజీవి సరళకు,

తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో ముందే రాసేస్తాను.

నా మోకాళ్లు బాగున్నాయి. కుడి పాదానికి చెప్పు కొరికి పుండయింది, రెండు నెలలుగా మానడం లేదు. అందుకే నీ దగ్గరికి రాలేకపోయాను. ఎందుకు మానడం లేదో నర్సువు, నీకు వేరే చెప్పాలా, షుగరు. రోజారాణి పొద్దున ఎనిమిదికి దూలపల్లి కంపెనీ బస్సు అందుకునే ముందు రెండు గోళీలు నా అరచేతిలో పెట్టి, మింగేదాకా గడపలో నిలబడుతుంది. నేను మింగుతాను. చేయి నోటి దగ్గరికి పోతుంది, తల వెనక్కి వాలుతుంది, గుటక కనబడుతుంది, పైన నీళ్లు తాగుతాను. గోళీలు మాత్రం ఉంగరం వేలి కిందే ఉంటాయి. బస్సు పోయాక మందారం కుండీలో వేస్తాను. మార్చి నుంచి ఇదే పని. ఆ మందారానికి షుగరు రాదని మాత్రం రాసిస్తాను.

ఎందుకు చేశానంటే, సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను. గోళీ మింగినప్పుడల్లా ముసలి రోగిని. దాచినప్పుడల్లా ఇంకా చెయ్యి తిరిగినవాణ్ని. నలభై ఏళ్లలో అంత శుభ్రంగా ఎప్పుడూ చెయ్యలేదు నేను. చూసేది ఒక్క మనిషి, తాను చూస్తున్నది గారడి అని ఆమెకు తెలియను కూడా తెలియదు.

నీ ఉత్తరంలో ఆ పిల్ల నీ మొహం చూసిందని చదివాక, మరునాడు పొద్దున గోళీలు చేతికొచ్చినప్పుడు నేను రోజారాణి మొహం చూశాను. బస్సుకు ఆలస్యమవుతున్నా కదలకుండా నా గొంతునే చూస్తోంది. మింగగానే "హమ్మయ్య" అన్నట్టు భుజాలు దించింది. ఆ రోజు నిజంగానే మింగాను. నిన్నా మింగాను. ఇన్నాళ్లూ కుండీలో వేసిన సంగతి మాత్రం ఇంకా ఆమెకు చెప్పలేదు.

ఇక నీ సంగతి. బస్సులో నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. టికెట్టు ముందు, గారడి తర్వాత. కొత్తలో ఒకసారి తిరగేసి చేశాను. ముందు చెవిలోంచి బిళ్ల తీసి, అందరూ నవ్వుతుండగా "ఇగ టికెట్" అన్నాను. సంతకు పోయే జంగమ్మ అని ఒకామె రూపాయి తీసి, నా చేతికివ్వకుండా గుప్పిట్లోనే పెట్టుకుని కూర్చుంది. "నీ చేతుల వడ్డది యాడికి వోతదో నాకేం ఎరుక?" అంది. మరునాటి నుంచి నా బస్సు వదిలేసి వెనక బస్సెక్కేది. ఆమెను తిరిగి ఎక్కించుకోవడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది. రోజూ పొద్దున ఆమె గంప నేనే పైకెక్కించి, టికెట్టు కొట్టి, బిళ్ల జోలికి పోకుండా దింపాను. ఒకనాడు ఆమే, "ఇయ్యాల నీ గారడి లేదా" అని అడిగింది.

నువ్వు సూదిని గారడి లోపల పెట్టావు. బీరువాలోంచి బిళ్ల తియ్యి, సంచి మాత్రం కేంద్రంలోనే వదిలిపెట్టి ఆ వాకిట్లో కూర్చో. ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలియదు. నీకు ఎండాకాలమంతా సమయం లేదని మాత్రం తెలుసు.

వీరభద్రం


శామీర్‌పేట,
ఆగస్టు 1.

పెద్దబాపూ,

నీ ఉత్తరం అందిన గంటలో రోజారాణి వదినకు ఫోన్ చేసి అక్షరం వదలకుండా చదివి వినిపించాను. ద్రోహి అనుకుంటే అనుకో. షుగరు కాలికి పుండయితే ఏమవుతుందో నేను ఎన్ని కాళ్లు చూశానో నీకు తెలియదు. రెండు రోజుల్లో డాక్టరుకు చూపించాలి. ఇకనుంచి గోళీ మింగాక నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తావు. వదినకు నేర్పాను.

ఇక్కడి సంగతి. గడువు దాటి పది రోజులైంది. రోజూ డ్యూటీ దిగగానే వాళ్ల వాకిట్లో కూర్చుంటున్నాను. మొదటి రోజు పడవ వైపు తిరిగి, "తప్పు నాదే. చెప్పకుంట గుచ్చిన. ఇగ ఎన్నడు చెప్పకుంట గుచ్చ" అన్నాను. పడవ అంచున కనబడుతున్న రెండు పాదాలు ఇంకా లోపలికి జరిగాయి. రెండో రోజు మైసమ్మ చాయ్ ఇచ్చింది. మూడో రోజు ఊరికే కూర్చోలేక నా బిళ్లతో నేను అభ్యాసం చేసుకుంటున్నాను. పడవ కింది నుంచి వినబడింది: "కుడి చేతుల ఉన్నది."

మళ్లీ చేశాను.

"గిప్పుడు ఎడమ దాంట్ల."

పదిసార్లు చేస్తే పదిసార్లూ చెప్పింది. ఎట్ల చెప్తున్నవే అన్నాను. "ఏ చేతుల దాస్తవో గా చెయ్యినే జూస్తవ్ నువ్వు" అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఇరవై ఏళ్లుగా చేతిలో సూది ఉంటే కన్ను దాని మీదే ఉండాలని నేర్చినదాన్ని. నా కంటికి వేరే వైపు చూడడం రాదు. నీ కండక్టరు చూపు ఈ జన్మలో నాకు పట్టుబడదు. "అయితే నువ్వే దాచు, నేను చెప్త" అన్నాను. పిల్ల పడవ కింది నుంచి మోచేతుల మీద పాకుతూ బయటికి వచ్చింది.

ఇప్పుడు ఆమె దాస్తుంది, నేను వెతుకుతాను. నువ్వు నాకు రాసిన పాఠమంతా చదివి వినిపించాను. వేళ్లు, మణికట్టు, భుజం, దవడ. మైసమ్మ కూడా దవడ వదులు చేసి కూర్చుంది. నిన్న పిల్ల బిళ్ల దాచి నన్ను ఏడిపిస్తున్నప్పుడు ఆమె తుంటి మీద చెయ్యి వేశాను. నీళ్లలో విడిచిన వలలా ఉంది. నాలుగు నెలలుగా ఆ కండ వదులుగా ఉండగా నేను చూడలేదు. బిగిసిన కండలోకి ఆ మందు ఎక్కితే నిప్పు. వదులు కండలో నొప్పి ఉంటుంది, కానీ ఓర్చుకోవచ్చు.

నాకొక ఆలోచన వచ్చింది. ముందు ఆ పిల్లకే చెబుతాను. ఆమె ఒప్పుకుంటేనే. పది రూపాయల బిళ్ల ఆమె చేతికి పెద్దదవుతోంది, దానికి ఏం చెయ్యాలో రాయి.

సరళ


రావల్కోల్,
ఆగస్టు 6.

చిరంజీవి సరళకు నాలుక ఎత్తి చూపించే ముసలివాడు రాయునది.

రోజారాణి మూడు రోజులు మాట్లాడలేదు. చెవిటివాడికి ఎదుటివాళ్లు మాట్లాడడం లేదని ఎలా తెలిసిందంటావేమో, నాకు పలక మీద రాసి చెబుతుంది, ఆ పలక మేకుకు తగిలించేసింది. నాలుగో రోజు దించి, "నోరు తెర్వు" అని రాసింది. తెరిచాను. పుండు కడిగి కట్టు కడుతున్నారు. వేళ్లన్నీ ఉంటాయన్నారు, కాలివీ చేతివీ.

ఎనిమిదేళ్ల చేతికి ఇప్పటి రూపాయి బిళ్ల సరిపోతుంది. గుండీ అని తిట్టిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. కూర్చుని దాచడం వచ్చాక పడుకుని దాచడం నేర్పు, చేయి మంచం పక్కన కిందికి వేలాడాలి. అది కష్టం. బిగిస్తే కనబడుతుంది, మరీ వదిలేస్తే నేల మీద మోగుతుంది. నాకు ఏడాది పట్టింది. వల చిక్కులు విప్పే ఇంట్లో పిల్లకు అంత పట్టదు.

నీ ఆలోచన ఏమిటో అడగను. చేశాక రాయి. ఈసారి ఇంజెక్షను గురించి రెండు మాటలకంటే ఎక్కువ రాయి.

వీరభద్రం


శామీర్‌పేట,
ఆగస్టు 13.

పెద్దబాపూ,

ఆదివారమే ఆమెకు చెప్పాను. "మంగళారం సూది ఉంటది. నొస్తది. నువ్వు యాభై లెక్కపెట్టేంత సేపు నొస్తది. గంతసేపు బిళ్ల కింద పడకుంట, ఎవ్వరికి కనవడకుంట దాస్తే నువ్వు గెల్చినట్టు."

చేతిలోని బిళ్లను తిప్పి తిప్పి చూసింది. "ఎప్పుడు గుచ్చుతవో చెప్తవా?"

"చెప్త."

"ఎవ్వరు పట్టుకోరు గద?"

"ఎవ్వరు ముట్టుకోరు."

"వస్త గని, నువ్వు ఓడిపోతవ్" అంది.

నిన్న పొద్దున వచ్చారు. పరమేశ్ వల తీయడం మానుకుని వచ్చాడు. నవనీత ఎవరూ చెప్పకుండానే బల్లెక్కి పక్కకు తిరిగి పడుకుని, రూపాయి బిళ్ల అందరికీ చూపించి, చేయి కిందికి వేలాడేసింది. కనబడలేదు. నాకే కాదు, తలుపు దగ్గర నిలబడ్డ సుప్రజ మేడానికీ కనబడలేదు. మందు కలిపిన సీసాను రెండు అరచేతుల మధ్య దొర్లించి వెచ్చబెట్టాను. సూదిని ఆమె కళ్ల ముందే నింపాను.

"గుచ్చుతున్న" అన్నాను.

"దా" అంది.

గుచ్చాను. తుంటి కండ ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్లీ తనంతట తానే వదులైంది. ఒకటి, రెండు అని ఆమే లెక్క మొదలుపెట్టింది. పన్నెండును రెండుసార్లు చెప్పింది. ఇరవై దాటాక కన్నీళ్లు ముక్కు మీదుగా దిండు మీదికి జారాయి. నేను మందు తోస్తూ, నేల మీద బిళ్ల మోగుతుందేమోనని చెవులు రిక్కించాను. ఆ గదిలో అందరమూ అదే వింటున్నాం. ముప్పై ఎనిమిది దగ్గర "జల్దీ" అంది.

"జల్దీ జేస్తే ఎక్కువ నొస్తది బిడ్డా."

"అయితే మెల్లగనే" అంది, ముప్పై తొమ్మిది అంది.

యాభై అయ్యాక ఇంకొంచెం మిగిలింది. "ఇంకో రెండు కావాలె" అని అడిగాను. ఇచ్చింది. సూది తీశాను. బిళ్ల మోగలేదు.

లేచి కూర్చుని మొహం తుడుచుకుని, రెండు గుప్పిళ్లు నా ముందు పెట్టింది. "ఏ దాంట్ల ఉన్నది?"

వేలాడిన చెయ్యి కుడిది, "కుడి" అన్నాను. విప్పింది, లేదు. ఎడమదీ విప్పింది, లేదు. పరమేశ్ వంగి బల్ల కింద వెతికాడు. మేడం దిండు ఎత్తి చూశారు. మైసమ్మ గబుక్కున తన చెవి తడుముకుంది. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వితే తుంటి నొచ్చి "అబ్బా" అంది, మళ్లీ నవ్వింది.

"యాడ వెట్టినవే, చెప్పు" అన్నాను.

"చెప్ప."

"ఓడిపోయిన అంటున్న గద. చెప్పు."

అరగంట కూర్చోబెట్టి చూడాలి కాబట్టి కూర్చుంది. ఆ అరగంటా నేనూ మేడమూ అడుగుతూనే ఉన్నాం. చివరికి మైసమ్మ వేలు పట్టుకుని గడప దాటుతూ వెనక్కి తిరిగింది.

"ఇరవై ఒక్క దినాలకు వస్త గద, అప్పుడు చెప్త" అంది.

సరళ